అనుకుందాం పేజీ

ఆఫీసులో ఆవిడ అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా బతికి లేదు. అందరికీ ఆవిడ చుక్కమ్మ. దశాంశ చుక్క దగ్గర ఆవిడతో బేరాలు కుదరవు. తొందరలో ఎవరైనా రెండు పాయింటు నాలుగు ఎనిమిదిని రెండున్నర అని రాశారంటే ఆ కాగితం ఒళ్లంతా ఎర్రసిరా పూసుకుని వెనక్కి వచ్చేది. ఆ కాస్తకే ఏమవుతుందండీ అని కొత్తగా చేరిన ఒకాయన అడిగితే, ఆ కాస్త ఎవరి ఊపిరితిత్తుల్లోకి వెళ్తుందో కనుక్కుని వచ్చి మాట్లాడమంది. ఆయన మళ్లీ అడగలేదు.

ప్రమాదకర రసాయనాల మండలిలో అంచనా విభాగం అంటే వినడానికి గుండె దడగా ఉంటుంది గానీ, చూడబోతే నాలుగు బల్లలు, ఆరు బీరువాలు, వేడెక్కితే గురక పెట్టే ఒక ప్రింటరు. రసాయనం అక్కడికి సీసాలో రాదు, ఫైలుగా వస్తుంది. దానికో నంబరు వేస్తారు. అది మనిషి ఒంట్లోకి రోజుకు ఎంత చేరుతోందో ఒక పక్కన రాస్తారు, ఎంతవరకు చేరినా ఏమీ కాదో ఇంకో పక్కన రాస్తారు, మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తారు. ఒకటికి లోపు వస్తే వాడుకోవచ్చు. ఒకటి దాటితే ఆపాలి. ఇంత చిన్న భాగహారానికి ఎనభై పేజీలెందుకంటే, దానికి ముందు బోలెడన్ని విషయాలు అనుకోవాలి కాబట్టి. పనివాళ్లు రోజుకు ఎనిమిది గంటలు పనిచేస్తారని అనుకుందాం. కిటికీలు తెరిచి ఉంటాయని అనుకుందాం. మనిషి అరవై కిలోలుంటాడని అనుకుందాం. ఇవన్నీ వరసగా ఒకే పేజీలో ఉంటాయి. దానికి ఏదో పెద్ద పేరుంది గానీ విభాగంలో అందరూ అనుకుందాం పేజీ అనే అంటారు. లెక్కలో తప్పుంటే ఎవరైనా పట్టుకోగలరు. అనుకోవడంలో తప్పుంటే ఆ పేజీ చదివినవాళ్లకే తెలుస్తుంది, దాన్ని చదివే ఓపిక ఎవరికీ ఉండదు.

ఈ సంగతి ఆవిడకు నేర్పింది మాస్టారు. ఆయన విభాగానికి పెద్ద. ఎప్పుడో కొన్నాళ్లు కాలేజీలో పాఠాలు చెప్పారట, పిలుపు మాత్రం ఒంటికి అతుక్కుపోయింది. ఇరవై మూడేళ్ల వయసులో బెదురు చూపులతో వచ్చి చేరినదాన్ని కూర్చోబెట్టి, ఏ గదిలో ఏ గాలి వీస్తుందో వెళ్లి ముక్కుతో చూడందే కాగితం మీద అనుకోకు అని చెప్పింది ఆయనే. పద్దెనిమిదేళ్లు ఆవిడ అలాగే చేసింది. ఆయన మాటంటే ఆవిడకు రాసిపెట్టిన రూలు కంటే ఎక్కువ.

ప్రతి నివేదిక ఆఖరి పేజీలో రెండే సంతకాలు. లెక్క వేసినవాళ్లది ఒకటి, సరిచూసినవాళ్లది ఇంకొకటి. ఆ పేజీలో ఇంకేమీ ఉండదు, పై లెక్కలు మేమే వేశాం, మేమే సరిచూశాం అన్న ఒక్క వాక్యం తప్ప. ఆవిడ చేరిన మొదటి ఏడాదే ఇద్దరికీ ఒక అలవాటు పడింది. నివేదిక ఇంకా శుభ్రంగా టైపవుతుండగా ఆవిడ పని మీద బయటికి వెళ్లాల్సి వస్తే, ఆఖరి పేజీ ఒక్కటీ ముందే సంతకం పెట్టి ఆయన సొరుగులో ఉంచేది. ఆయనా అంతే. మార్పులేమైనా ఉంటే అక్షర దోషాలే కదా. చుక్క కోసం ప్రాణం పెట్టే మనిషి ఖాళీ కాగితం మీద సంతకం పెట్టేదంటే నవ్వొస్తుంది. కానీ ఆవిడ నమ్మింది కాగితాన్ని కాదు, మాస్టార్ని.

ఇంట్లో ఆవిడా, అక్కా. ఇద్దరే. తల్లి పోయేనాటికి చెల్లెలికి తొమ్మిదేళ్లు, అక్కకు పదిహేడు. అక్క బూట్ల వర్కుషాపులో జిగురు బల్ల దగ్గర చేరింది. చెల్లెల్ని రసాయన శాస్త్రం దాకా చదివించింది. చెల్లెలికి ఉద్యోగం వచ్చాక పని మానెయ్యమంటే, ఇంట్లో కూర్చుంటే గోడలు కరుస్తాయే అంది. ముప్పై ఏళ్లకు పైగా అదే బల్ల. బూటు పైభాగానికీ అడుగుకీ జిగురు పూసి, అంచున మిగిలిపోయినదాన్ని చూపుడువేలితో నున్నగా లాగెయ్యడం అక్క పని. ఆ వేలికి ఉన్న పనితనం అక్కడ ఇంకెవరికీ లేదని యజమానే నలుగురిలో చెప్పేవాడు.

రెండేళ్ల క్రితం జిగురును పల్చన చేసే థిన్నరు మార్చారు. కొత్తది త్వరగా ఆరుతుంది, అంతగా కంపు కొట్టదు. ఆ తర్వాత ఏడాదికి అక్క చేతిలోంచి గ్లాసులు జారడం మొదలైంది. ముందు నవ్వుకున్నారు, వయసైపోతోంది అనుకున్నారు. తర్వాత జాకెట్టు గుండీలు పెట్టుకోలేకపోయింది. ఒక రోజు పొద్దున్న పొయ్యి మీది గిన్నె ఒట్టి చేత్తో దించి, బల్ల మీద పెట్టి, బొబ్బలు లేచాక గానీ కాలిందని తెలుసుకోలేదు. చుక్కమ్మ ఆ చేతికి మందు రాస్తూ, మంటగా ఉందా అని అడిగింది. మంట ఉంటే బాగుండునే అంది అక్క.

అదే నెలలో ఆ థిన్నరు మండలికి పదిహేడో నంబరు ఫైలుగా వచ్చింది. వెళ్లి చూసి రావడానికి మాస్టారు చీటీలు వేసి మూడు వర్కుషాపులు తీస్తే మూడోది అక్క పనిచేసేదే. చుక్కమ్మ వెంటనే మాస్టారి గదిలోకి వెళ్లి తలుపు దగ్గరికి వేసి, అక్కడ మా అక్క పనిచేస్తుంది, ఈ ఫైలు ఇంకొకరికి ఇవ్వండి అని చెప్పింది. ఇంకొకరు ఎవరున్నారు అన్నారాయన. రాసి ఇస్తానంటే, నాకు చెప్పావుగా, చాలు అన్నారు. ఆవిడ తేలికపడి బయటికి వచ్చింది.

వర్కుషాపుకు వెళ్లిన రోజు ఆవిడకు బాగా గుర్తు. నేలకు సగం కిందికున్న గది. జిగురు మీద దుమ్ము పడితే అతుకు నిలవదని రెండు కిటికీలకూ మేకులు కొట్టేశారు. పన్నెండు మంది ఆడవాళ్లు బల్లలకు వంగి ఉన్నారు, పన్నెండు మంది చేతులకూ పసుపు రంగు గ్లౌజులు, ముఖాలకు మాస్కులు. గ్లౌజుల మీద మడత గీతలు ఇంకా పోలేదు. అక్క ఆవిడ వైపు చూసి, మాస్కు వెనక నవ్వుతున్నట్టు కళ్లు చిట్లించింది. ఆ పొద్దున్నే యజమాని తాళం పెట్టిన బీరువాలోంచి అవి తీసి పంచాడని, ఎవరూ వేసుకోనంటే అక్కే ముందు వేసుకుని, మా చెల్లెలొస్తోంది, దాని ముందు నన్ను చిన్నబుచ్చకండి అని అందరిచేతా వేయించిందని సాయంత్రం ఇంటికొచ్చాక తెలిసింది. గ్లౌజు వేసుకుంటే అంచు తెలియదు, రబ్బరు జిగురుకు అంటుకుపోతుంది, అందుకే రోజూ ఎవరూ వేసుకోరు. నువ్వు వెళ్లిన పావుగంటకు మళ్లీ బీరువాలో పెట్టించేశాడులే అని అక్క తేలిగ్గా చెప్పింది.

చుక్కమ్మ ఇదంతా తన నోటుపుస్తకంలో రాసుకుంది. రూలు ప్రకారం ఒక ఫొటో ఉండాలి కాబట్టి అక్క చేతుల ఫొటో కూడా తనే తీసింది. పసుపు గ్లౌజులు, పట్టుకున్న కుంచె, నీలం చొక్కా చేతికి అక్క తోలు ముక్కతో వేసుకున్న మాసిక. అంతవరకే ఉంది అందులో. వాళ్లు పీల్చే గాలిని పట్టడానికి పనివాళ్ల కాలర్లకు తగిలించిన చిన్న పంపులు తెచ్చి, వాటిలోని వడపోత కాగితాలు పరీక్షకు పంపింది. లెక్క వేసింది. మూడు పాయింటు నాలుగు. ఒకటి దాటితే ఆపాలి, ఇది మూడు దాటింది. రెండుసార్లు సరిచూసుకుంది. అనుకుందాం పేజీలో, గ్లౌజులు మాస్కులు వాడరని అనుకుందాం అని రాసి, కింద కారణం కూడా రాసింది. మాస్టారు చదివి బాగుందమ్మాయ్ అన్నారు.

ఆ వారమే అక్కకు నరాల డాక్టరు దగ్గర తేదీ దొరికింది. మూడు రోజుల పరీక్షలు. ప్రింటరు ఎప్పటిలాగే గురక పెడుతోంది, నివేదిక ఇంకా బయటికి రాలేదు. చుక్కమ్మ ఆఖరి పేజీ మీద సంతకం పెట్టి, మాస్టారి సొరుగులో ఉంచి, అక్కను ఆసుపత్రికి తీసుకెళ్లింది.

డాక్టరు సూదితో అక్క వేళ్లు పొడిచాడు. అక్క వేరే వైపు చూస్తూ కూర్చుంది. నరాల పైపొర దెబ్బతింటోందని, ఈ థిన్నరుకు దూరమైతే మెల్లగా కొంతైనా తిరిగి రావచ్చని, లేకపోతే పాదాలకు కూడా మొదలవుతుందని, ఆ తర్వాత నడక అని చెప్పి కాగితం రాసిచ్చాడు. బయటికొచ్చాక చుక్కమ్మ గంపెడాశతో, ఇంకెన్నాళ్లో లేదక్కా, ఆ థిన్నరే ఉండదు, నేను రాశాను అంది. నువ్వు రాస్తే ఇంకేం అంది అక్క. ఆ మాటలో ఉన్న గర్వం చూసి చెల్లెలికి కళ్లు చెమ్మగిల్లాయి.

నెల తిరక్కుండానే ఆ గర్వం నేల కూలింది. ఒక సాయంత్రం అక్క ఇంటికి వచ్చి, సంచిలోంచి చుట్టిన కాగితం ఒకటి తీసి బల్ల మీద పరిచింది. మండలి ముద్ర వేసిన పోస్టరు. ఇలా వాడండి, క్షేమంగా ఉండండి అని పెద్ద అక్షరాలు. వాటి కింద పసుపు గ్లౌజులు, కుంచె, నీలం చొక్కా చేతికి తోలు మాసిక. జిగురు బల్ల ఎదుటి గోడకు అతికించారట. పక్క బల్లలవాళ్లు ఆ మాసిక చూడగానే గుర్తుపట్టారు. ముప్పై ఏళ్లుగా టీ పంచుకు తాగినవాళ్లు ఆ రోజు అక్కను పిలవకుండానే తాగారు.

అంతటితో అయిపోలేదు. అక్క డాక్టరు కాగితం తీసుకెళ్లి, నన్ను జిగురు దగ్గర్నుంచి తీసి పెట్టెలు కట్టే బల్లకు మార్చమని యజమానిని అడిగింది. ఆయన కాగితం చదివి, పోస్టరు చూపించాడు. ఇందులో గ్లౌజులు వేసుకున్నది నువ్వే కదమ్మా, మరి నీ చేతులకు ఇక్కడ ఏమవుతుంది, ఇంట్లో ఏం ముట్టుకుంటున్నావో చూసుకో అన్నాడట. పైగా ఇక మీద గ్లౌజులు వేసుకోకుండా ఎవరికైనా జబ్బు చేస్తే వాళ్లదే బాధ్యత అని అందరిచేతా సంతకాలు తీసుకున్నాడు. గ్లౌజుల బీరువాకు మాత్రం తాళం అలాగే ఉంది.

"నీ సంతకం ఉందంటున్నారే," అంది అక్క. "నివేదిక చూపించాడు. నేను చెప్పాను, మా చెల్లెలు చూడకుండా దేని మీదా సంతకం పెట్టదు, ఎవరో దొంగ సంతకం గీకి ఉంటారని."

చుక్కమ్మ పోస్టరును మళ్లీ చుట్టడం మొదలుపెట్టింది. అక్క దాన్ని అవును, దొంగ సంతకమే అన్నట్టు అర్థం చేసుకుంది.

మర్నాడు ఆఫీసులో నివేదిక తెరిచింది. ఎనభై పేజీల్లో మారింది ఒక్క పేజీ. పనివాళ్లు అన్నివేళలా గ్లౌజులు, మాస్కులు ధరిస్తారని అనుకుందాం, చూడుడు మూడో అనుబంధం, ఫొటో. గ్లౌజులూ మాస్కులూ పదింట తొమ్మిది పాళ్లు ఆపుతాయని అనుకుందాం. దాంతో మూడు పాయింటు నాలుగు కాస్తా సున్నా పాయింటు మూడు నాలుగు అయింది. చుక్క ఒక్క గడి ఎడమకు జరిగింది. చుక్కమ్మ అన్న పేరు ఎవరు పెట్టారో గానీ, ఆ పేరున్న మనిషి నెత్తినే ఆ చుక్కను జరిపారు. ఆఖరి పేజీలో ఆవిడ సంతకం గుండ్రంగా, ముచ్చటగా ఉంది.

ఒళ్లు మండిపోతుండగా మాస్టారి గదిలోకి వెళ్లింది. ఆయన కుర్చీ చూపించారు. ఆవిడ కూర్చోలేదు. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ నెమ్మదిగా చెప్పుకొచ్చారు. ఈ థిన్నరు ఆపితే మూడు వందల వర్కుషాపులు మూతపడతాయి. పైనుంచి రెండు ఫోన్లు వచ్చాయి. నాలుగు నెలల్లో తను రిటైరవుతున్నారు, పోతూ పోతూ వేల మంది పొట్ట కొట్టి పోలేరు. వినడానికి అన్నీ న్యాయంగానే ఉన్నాయి. ఆయన గొంతులో ఎప్పుడూ అన్నీ న్యాయంగానే ఉంటాయి.

"అబద్ధం రాశారు మాస్టారూ."

"అబద్ధం ఎక్కడ రాశాను? అనుకున్నాను. అనుకోవడం అబద్ధం ఎలా అవుతుంది అమ్మాయ్?"

ఆవిడ తను ఊరుకోనంది. సంతకం ముందే పెట్టించుకున్నారని మండలికి చెప్తానంది. చెప్పు అన్నారాయన, కోపం లేకుండా. ఈ ఒక్కదానికే అలా పెట్టావా, వేరేవాటికి పెట్టలేదా అని అడుగుతారు. నువ్వు అబద్ధం చెప్పలేవు. మనిద్దరివీ నలభై మూడు నివేదికలున్నాయి, అన్నీ తిరగదోడతారు. బొమ్మలకు వేసే ఎర్ర రంగును ఆపించాం గుర్తుందా, ఆ కంపెనీవాళ్లు మర్నాడే వచ్చి తలుపు తడతారు. ఇక మీ అక్క అక్కడే పనిచేస్తోందన్న సంగతి నువ్వు రాతలో ఎక్కడా చెప్పలేదు, ఆమె కోసమే లెక్క పెంచావంటే నేనేం జవాబు చెప్పను?

"మీకు చెప్పాను కదా మాస్టారూ."

"నాకు చెప్పావు," అన్నారాయన, "రాసి ఇవ్వలేదు."

ఆవిడకు అప్పుడర్థమైంది. తను పద్దెనిమిదేళ్లుగా ఏ గోడకు ఆనుకుని నిలబడిందో ఆ గోడే తన మీద పడింది. ఏడుపు రాలేదు. ఈ మనిషి ముందు ఏడిస్తే తల మీద చెయ్యి వేసి ఓదారుస్తాడేమోనని భయమేసింది. గది బయటికి వచ్చి నీళ్లు తాగింది.

ఇంటికి వెళ్లి అక్కతో మాస్టారే మార్చారు అని మాత్రం చెప్పింది. ఎలా మార్చారో చెప్పలేదు. చెబుదామని రెండుసార్లు నోరు తెరిచింది. రెండుసార్లూ అక్క, నాకు తెలుసే, నీ సంతకం కాదది అంది. ఆ నమ్మకాన్ని చేతులారా పగలగొట్టే ధైర్యం ఆవిడకు లేకపోయింది. మాస్టార్ని మోసగాడని తిట్టుకుంటూనే, అక్క దగ్గర తానూ ఒక పేజీ దాచింది. ఆ సంగతి ఆవిడకు తెలుసు కూడా.

నివేదిక మీద అభ్యంతరం ఉన్నవాళ్లు ముప్పై రోజుల్లో చెప్పుకోవచ్చని మండలి రూలు. అక్క తనే వెళ్లి అభ్యంతరం రాయించింది. పక్క బల్లలవాళ్లకు, మీరు వచ్చి వినండి, మా చెల్లెలిది ఏ తప్పూ లేదని అక్కడే తేలుతుంది అని చెప్పింది. వాళ్లలో నలుగురు సగంరోజు సెలవు పెట్టి వచ్చారు కూడా.

విచారణ గది రెండో అంతస్తులో. పొడవాటి బల్ల, గాజు గ్లాసుల్లో నీళ్లు, గోడకు ఆగిపోయిన గడియారం. మధ్యలో బయటినుంచి వచ్చిన అధ్యక్షురాలు, తెల్లజుట్టు మనిషి, ముఖంలో ఏమీ తెలియనివ్వరు. ఒక పక్క మాస్టారు, ఆయన వెనక వర్కుషాపు యజమాని. లోపలికి వచ్చేటప్పుడు గుమ్మం దగ్గర యజమాని మాస్టార్ని చూసి, రండి సలహాదారు గారూ అని నోరు జారాడు. యజమానుల సంఘంలో మాస్టారికి నాలుగు నెలల తర్వాత కుర్చీ సిద్ధంగా ఉందన్నమాట. వేల మంది పొట్టలు అంటే ఇవేనా అనుకుంది చుక్కమ్మ.

అక్క లేచి నిలబడింది. ఫొటో చూపించి ఇవి మీ చేతులేనా అని అధ్యక్షురాలు అడిగారు. నావే అంది అక్క. ఆ గ్లౌజులు ఆ రోజు పొద్దున్న బీరువాలోంచి తీశారని, మళ్లీ పెట్టేశారని, మా చెల్లెలొస్తోందని తనే అందరిచేతా వేయించిందని, అది తన తప్పేనని తడుముకోకుండా చెప్పింది. తర్వాత రెండు చేతులూ బల్ల మీద ఆనించింది.

"ఇంకొక్క మాటమ్మా. ఈ నివేదికలో సంతకం మా చెల్లెలిది కాదు. అది చుక్క కూడా చూడకుండా వదలదు, ఊరికే సంతకం పెడుతుందా. ఎవరో దొంగ సంతకం పెట్టారు. దాన్నే అడగండి."

గదిలో అందరూ చుక్కమ్మ వైపు తిరిగారు. అధ్యక్షురాలు నివేదిక ఆఖరి పేజీ తీసి ముందుకు జరిపారు. ఇది మీ సంతకమేనా?

కాదు అంటే చాలు. రెండక్షరాల పని. నివేదిక అక్కడికక్కడే చిత్తవుతుంది, మాస్టారి మెడకు చుట్టుకుంటుంది, నలభై మూడు నివేదికలూ క్షేమంగా బీరువాలో ఉంటాయి, అక్క నలుగురిలో తలెత్తుకుని ఇంటికొస్తుంది. ఆయన చేసినదానికి అది చాలా చిన్న అబద్ధం. చుక్కమ్మ మాస్టారి వైపు చూసింది. ఆయన కళ్లజోడు తుడుచుకుంటున్నారు, కంగారు లేదు. ఆవిడ అబద్ధం ఆడదని ఆయనకు తెలుసు. అలా తయారుచేసింది ఆయనే. ఆ మంచితనం మీదే ఆయన ఇంత ధీమాగా కూర్చున్నారు, దాని మీదే ఈ మోసమంతా కట్టారు. ఆ క్షణంలో ఆవిడకు ఆయన మీద పుట్టినంత అసహ్యం జన్మలో ఇంకెవరి మీదా పుట్టలేదు.

"నాదే," అంది. "కానీ సంతకం పెట్టేటప్పటికి దాని ముందు నివేదిక లేదు. ఒట్టి ఆఖరి పేజీ మీద పెట్టి ఆయనకిచ్చి వెళ్లాను. నేను వేసిన లెక్క మూడు పాయింటు నాలుగు. ఇదిగో నా నోటుపుస్తకం."

అంతకుముందు కూడా ఇలా చేశారా అని అధ్యక్షురాలు అడిగారు. చేశానంది. ఎన్నిసార్లు అంటే, లెక్క పెట్టలేదంది. ఆ మాట తన నోటినుంచి రావడం ఆవిడకే వింతగా అనిపించింది. అక్క అక్కడ పనిచేస్తున్న సంగతి మాస్టారికి చెప్పానని, రాసి ఇవ్వలేదని, అదీ తన తప్పేనని చెప్పింది. మాస్టారు తుడుస్తున్న కళ్లజోడు బల్ల మీద పెట్టారు. ఆయన మొదటిసారి నీళ్లు నమిలారు. ఆవిడ అబద్ధం చెప్పదని ఆయనకు తెలుసు. నిజమంతా చెప్తుందని మాత్రం ఆయన అనుకోలేదు.

అక్క ఇంకా నిలబడే ఉంది. చెల్లెలి వైపు తిరిగి, అందరూ వింటుండగా, చాలా మామూలుగా అడిగింది.

"చూడకుండా పెట్టావా?"

చుక్కమ్మ తల దించుకుంది. వెనక కూర్చున్న నలుగురిలో ఒకామె చీర కొంగు సర్దుకుంది. అక్క కుర్చీ కోసం వెనక్కి తడుముకుని కూర్చుంది.

గంట తర్వాత అధ్యక్షురాలు నిర్ణయం చదివారు. పదిహేడో నంబరు నివేదిక రద్దు. వేరే విభాగం మూడు నెలల్లో కొత్తగా అంచనా వేయాలి, అంతవరకు మూసిన గదుల్లో ఆ థిన్నరు వాడరాదు, పోస్టర్లు తీసెయ్యాలి. అంచనా విభాగం పెద్ద మీద విచారణ. లెక్క వేసిన ఉద్యోగినికి విధుల నుంచి నిలుపుదల. ఇద్దరి సంతకాలతో ఉన్న పాత నివేదికలన్నీ మళ్లీ పరిశీలన. బొమ్మల ఎర్ర రంగుదీ అందులో ఉంది. చుక్కమ్మ ఆ జాబితా మొత్తం నిలబడే వింది, పసిపిల్లలు నోట్లో పెట్టుకునే బొమ్మలు కళ్ల ముందు తిరిగాయి.

బయట మెట్ల మీద మాస్టారు ఎదురుపడ్డారు. ఏదో అనబోయారు, అమ్మాయ్ అన్నంతవరకు వచ్చింది. ఆవిడ ఆగలేదు.

అక్క ఇంకా కింది మెట్ల మీద ఒక్కతే ఉంది. పక్క బల్లలవాళ్లు ముందే వెళ్లిపోయారు. మెట్లు దిగేటప్పుడు ఈ మధ్య అక్కకు పాదం ఎక్కడ ఆనుతోందో తెలియడం లేదు, అందుకే ఒక్కో మెట్టూ చూసుకుని దిగుతోంది. చుక్కమ్మ వెళ్లి అక్క చెయ్యి పట్టుకుంది. చిన్నప్పుడు రోడ్డు దాటడానికి అక్క తన చెయ్యి పట్టుకున్నట్టే, వేళ్లలో వేళ్లు పెట్టి, గట్టిగా. ఇద్దరూ నాలుగు మెట్లు దిగారు. అక్క చెయ్యి వెనక్కి తీసుకోలేదు. చెల్లెలికి ప్రాణం లేచొచ్చింది. క్షమించింది అనుకుంది. ఇన్నాళ్లూ నేనే నిన్ను మోసం చేశానక్కా అని చెప్పడం మొదలుపెట్టింది, ఆసుపత్రికి తీసుకెళ్లాలన్న తొందరలో సంతకం పెట్టానని, నీకు చెప్పడానికి భయపడ్డానని, అన్నీ.

అక్క వింటూ ఆఖరి మెట్టు కోసం కిందికి చూసింది. అప్పుడు కనిపించింది ఆమెకు, తన చెయ్యి చెల్లెలి చేతిలో ఉండటం. కాసేపు దాన్ని అలాగే చూసింది. తర్వాత నెమ్మదిగా, ఒక్కో వేలూ చూసి విడదీసుకుంటూ, వెనక్కి తీసుకుంది.